చీటీ చదవకుండ కదలకు

బుజ్జీ,

నువ్వు దోస్తులతోటి కలకత్త పోతున్నవని, పోయి మ్యూజియంలు చూస్తనంటున్నవని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆమె గొంతుల భయముంది. నాకైతే ఛాతి పొంగింది. మన ఇంట్ల ఎముకలు, రాళ్లు చూడ్డానికి రైలెక్కినోళ్లు ఇప్పటిదాక నేనొక్కన్నే. తెల్లారేసరికి ఆ భయం నాకూ అంటుకున్నది. అందుకే రాస్తున్న.

సోమవారం పోకు, ఆ రోజు ఇండియన్ మ్యూజియం మూసి ఉంటది. బ్యాగు ముందట వేసుకో. సద్ది కట్టుకపో. హౌరాల దిగినంక మెట్రో ఎక్కు. ఇప్పుడు హుగ్లీ నది కిందికెళ్లి పోతున్నదట. ముప్పై ఏండ్లు బొగ్గు బాయి దిగినోన్ని, నాకు భయం లేదు గానీ, నువ్వు మాత్రం దోస్తు చెయ్యి పట్టుకో. ఎస్ప్లనేడ్‌ల మారి పార్క్ స్ట్రీట్‌ల దిగితే నడిచేంత దూరమే. ఆ మ్యూజియం 1814ల పుట్టింది, మన దేశంల దానికంటే పాతది లేదు. ఒక్క పూటల అంత చూస్తనంటే కాళ్లు నొస్తయ్ తప్ప ఏం గుర్తుండదు. ఈజిప్టు మమ్మీ, అదే ఎండబెట్టి దాచిన పీనుగు, దాని దగ్గర అందరు గుంపు కడ్తరు, నువ్వు నిలబడకు. రాళ్ల దిక్కు, ఏనుగు దంతాల దిక్కు పో.

ఇగ అసలు సంగతి. అద్దాల పెట్టెల కింద చిన్న చీటీ ఉంటది చూడు, దాన్ని చదవకుండ ముందుకు కదిలితే నాతోని మాట్లాడకు.

ఎందుకంటవా? 1986ల, రెండో షిఫ్ట్. కప్పు నుంచి ఒక పలకరాయి ఊడి నా కాళ్ల ముందర పడ్డది. పోతే ప్రాణం పోయేది, అది వేరే ముచ్చట. టోపీ దీపం పెట్టి చూస్తే రాతి మీద ఆకు! ఈనెలతో సహా, లేగదూడ నాలుకంత. ఇటువంటి ఆకు పేరు గ్లోసోప్టెరిస్ అని తర్వాత తెల్సింది, ఆ మాట గ్రీకుల నాలుక నుంచే వచ్చిందట. 25 కోట్ల ఏండ్లకు పైమాటే. ఆ చెట్ల అడవులే మన బొగ్గయినయ్. నేను ఆ రాయిని సద్ది గిన్నెల దాచి పైకి తెచ్చిన. ఇంటికాడ మీ అవ్వ మసాలా నూరేటందుకు అనుకున్నది. నేనేం చేసిన? నల్లగ ఉందని బిందెడు నీళ్లు పోసి కడిగిన. మెరవాలని కొబ్బరినూనె రాసిన. పలకరాయి నీళ్లు తాగి ఎండితే పొరలు పొరలుగ లేస్తదని నాకేం తెలుసు? వారం తిరగకముందే అంచు చిప్పలు చిప్పలుగ రాలిపోయింది.

మిగిలిన ఆకును మూడేండ్లు పాత తువ్వాలల చుట్టిపెట్టిన. పట్నం పోయినప్పుడు ఒక మ్యూజియంకు పట్టుకపోయిన. నా ఫోటో పేపర్ల వస్తదనే అనుకున్న. అక్కడి పెద్దమనిషి భూతద్దం పెట్టి చాలాసేపు చూసిండు. "ఏ సీమ్‌ది, అంటే ఏ బొగ్గు పొరది? ఎంత లోతుల? కప్పుదా, నేలదా? ఏ రోజు దొరికింది?" అన్నడు. కప్పుదన్న. మిగిలిన వాటికి నోరు పెగల్లేదు. ఆ నెలల మూడు చోట్ల పని చేసిన, ఏ చోట పడ్డదో కలిసిపోయింది. ఆయన తిట్టలే. తువ్వాల మల్ల చుట్టి నా చేతుల పెట్టి, ఆకు బాగున్నది గానీ దీనికి ఊరు లేదు అన్నడు. తిట్టినా బాగుండు. ఏ పొరదో తెలిస్తేనే కదా, ఇంకో బాయిల దొరికిన ఆకుతోని జత కలిపి ఆ అడవి కథ చెప్పేది.

బిడ్డా, ఈ ఆకే ఆస్ట్రేలియాల, ఆఫ్రికాల, ఆఖరికి మంచు ఖండంల కూడా దొరికింది. ఆ దేశాలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్నయనేదానికి ఈ ఆకు ఒక సాక్షి. ఆ ఒక్క నేలకు పెట్టిన పేరు గోండ్వానా, గోండుల పేరు మీద. 1912ల దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చచ్చిపోయిన ఇంగ్లీషు దొర స్కాట్ బృందం దగ్గర 35 పౌండ్ల రాళ్లు దొరికినయ్, అండ్ల ఈ ఆకులున్నయ్. నడవలేకున్నా రాళ్లను పారేయలే. నాకు పెన్సిలు తియ్య బద్ధకమైంది!

కుదిరితే ఇంకో పూట బరానగర్‌ల స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు పో. ముందుగాల ఫోన్ చేసి అడుగు, ఊకె పోతే గేటు కాడనే ఆపుతరు. అక్కడి మ్యూజియంల బారాపాసారస్ అనే డైనోసార్ ఎముకల గూడు నిలబడి ఉంటది. బారా పా అంటే బెంగాలీల పెద్ద కాలు. దాన్ని తవ్విన కాలంల, 1961ల, టాగూరు పుట్టి నూరేండ్లు నిండినయ్ గదా, అందుకని ఆయన పేరూ కలిపిండ్రు. అది బెంగాల్‌ది కాదే పిచ్చిదానా! మన కాళేశ్వరం కాడ నది దాటితే సిరొంచ, ఆ దిక్కున పోచంపల్లిల తవ్వి తీసిండ్రు. మూడు వందల దాక ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. తలకాయ మాత్రం దొరకలే, కాబట్టి అక్కడ కనిపించే తల మనిషి చేసిన అంచనా. ఏది ఎముక, ఏది ప్లాస్టరో అడుగు, సిగ్గుపడకు. పట్నంల బిర్లా సైన్స్ మ్యూజియంల ఉన్న ఇంకో డైనోసార్ కోటాసారస్ కూడా మనదే, ఆదిలాబాద్ దిక్కు యామన్‌పల్లిది. నువ్వు అది చూడలేదని నాకు తెలుసు. వచ్చినంక ఇద్దరం పోదాం.

బారాపాసారస్ చీటీ మీద ఉన్నదంతా నీ చేతిరాతతోని కాయితం మీద ఎక్కించుకరా. ఫోన్‌ల ఫోటో వద్దు, నా కండ్లకు ఆ అక్షరాలు అందవు. ఊరి పేరు మాత్రం పెద్దగ రాయి. నా ఆకు ముక్కలు ఇంకా ఆ సద్ది గిన్నెలనే ఉన్నయ్, పక్కన పెడ్త.

హౌరాల దిగంగనే ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా సరే, నేను పండుకోను.

మీ తాత