ముందు ఫోను పెట్టేయండి, తర్వాత ఆలోచించండి

మీ నాన్నగారికి పార్సెల్ ఆగిపోయిందంటూ ఒక సందేశం, పెట్టుబడి బృందంలో చేరమంటూ ఇంకొకటి వచ్చాయన్నారు. ఆయనకు చదివి వినిపించడానికి ఆన్‌లైన్ మోసాల రకాలన్నీ ఒకచోట రాయమని అడిగారు. రాయవచ్చు. కానీ ఆ జాబితా ఆయన్ని కాపాడుతుందన్న నమ్మకం నాకు లేదు. మోసగాళ్లు ఎప్పటికప్పుడు కొత్త కథ అల్లుతారు. జాబితాలో లేని కథ వచ్చిన రోజున, 'ఇది అందులో లేదు కదా' అన్న ధీమాయే కొంప ముంచుతుంది.

చాలా ఏళ్లు బ్యాంకు కౌంటరు వెనుక కూర్చున్నవాణ్ణి. మోసగాళ్లకు డబ్బు పంపడానికి నా ముందుకు వచ్చినవాళ్లలో అత్యాశపరులు తక్కువ. జీవితమంతా లెక్కలు తనిఖీ చేసినవాళ్లున్నారు, పాఠాలు చెప్పినవాళ్లున్నారు. లిథువేనియా దేశస్థుడొకడు 2013–15 మధ్య నకిలీ బిల్లులు పంపి గూగుల్, ఫేస్‌బుక్‌ల నుంచే 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. 2019లో అమెరికా కోర్టు అతనికి అయిదేళ్ల జైలుశిక్ష వేసింది. అంతటి కంపెనీల లెక్కల విభాగాలే బుట్టలో పడ్డాయి, ఇంట్లో పెద్దాయన పడితే వింతేమిటి? 'ఇంత చదువుకుని ఎలా మోసపోయావు' అని ఎవరైనా దెప్పుతారన్న భయంతోనే చాలామంది విషయం దాచి, మళ్లీ మళ్లీ పంపుతారు. అందుకే ఇది చెబుతున్నాను.

పెద్ద మొత్తం పంపడానికి వచ్చిన మనిషిలో నేను ముందు చూసేది చెవి. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, చొక్కా జేబులో వెలుగుతున్న ఫోను. 'ఎవరికండీ పంపుతున్నారు?' అంటే జవాబు వెంటనే రాదు. ఒక్క క్షణం ఎవరో చెప్పేది వింటున్నట్టు ఆగి, 'బంధువులకు, ఇంటి మరమ్మతుకు' అంటారు. బ్యాంకువాళ్లు ఇలాగే అడుగుతారు, వాళ్లలోనూ దొంగలున్నారు, నిజం చెప్పకండి అని అవతలివాడు ముందే నూరిపోసి ఉంటాడు. కాగితం మీద 'ఫోనులో ఎవరైనా ఉన్నారా?' అని రాసి ముందుకు జరిపేవాణ్ణి. కొందరు మెల్లగా తల ఊపేవారు. కొందరు ఆ కాగితాన్ని నా వైపే తోసి, పని కానివ్వమనేవారు.

ఇంట్లోవాళ్లకు చెప్పవద్దని, బ్యాంకులో అబద్ధం చెప్పమని, ఫోను పెట్టేయవద్దని ఎవరు చెప్పినా వాడు దొంగ. పోలీసు దుస్తుల్లో వీడియోలో కనబడినా, న్యాయమూర్తినని చెప్పుకున్నా సరే. దీనికి మినహాయింపు నేనింతవరకు చూడలేదు. మీ నాన్నగారికి ఈ ఒక్కటి గుర్తుంటే నా జవాబులో మిగతాది మరిచిపోయినా ఫరవాలేదు.

రెండోది, మాట ఎవరు మొదలుపెట్టారన్నది. వాళ్లే కాల్ చేశారా? పెట్టేయండి. మర్యాదగా వీడ్కోలు చెప్పాల్సిన పని కూడా లేదు. పని నిజమైనదైతే, బ్యాంకు కార్డు వెనుక అచ్చువేసిన నంబరుకు మీరే కాల్ చేస్తే తెలిసిపోతుంది. తెర మీద కనబడిన నంబరును నమ్మకండి, దాన్ని ఎవరి పేరుతోనైనా చూపించవచ్చు. ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకున్న నంబరు కూడా వద్దు, నకిలీ సేవాకేంద్రాల నంబర్లు అక్కడ కాచుకుని ఉంటాయి. మొహం చూశాను కదా అనుకోవడానికీ లేదు. 2024లో హాంకాంగ్‌లో ఆరప్ అనే బ్రిటిష్ ఇంజినీరింగ్ సంస్థ ఉద్యోగి ఒకరు వీడియో సమావేశంలో తన పై అధికారులనే చూశాననుకుని సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశారు. ఆ మొహాలన్నీ కంప్యూటర్ తయారుచేసినవే. గొంతునూ అలాగే అనుకరిస్తారు కనుక, 'నాన్నా, ప్రమాదంలో ఉన్నాను, డబ్బు పంపు' అన్న కాల్ వస్తే అడగడానికి ఇంట్లోవాళ్లకే తెలిసిన ప్రశ్న ఒకటి ముందే అనుకుని ఉంచుకోండి.

లింకుల సంగతి క్లుప్తంగా. నొక్కకుండా, ఆ యాప్‌ను మీరే తెరిచి చూసుకోవడం అన్నింటికన్నా సులువు. చిరునామా చదవాల్సి వస్తే, 'https://' తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందున్న భాగాన్ని కుడి నుంచి చదవండి. 'మీబ్యాంకు.ఖాతాతనిఖీ.కామ్' అని ఉంటే అది మీ బ్యాంకుది కాదు, 'ఖాతాతనిఖీ.కామ్' అన్న పేరు కొనుక్కున్నవాడిది. పక్కనున్న తాళం గుర్తు చూసి మురిసిపోకండి. మీరు పంపే సమాచారం దారిలో ఎవరికీ కనబడదనే దానికి అర్థం, అందుకునేవాడు మంచివాడని కాదు. దొంగ సైటుకూ ఆ గుర్తు ఉచితంగానే దొరుకుతుంది.

ఓటీపీ వచ్చినప్పుడు అంకెలు మాత్రమే కాక సందేశమంతా చదవండి, దేనికోసమో సాధారణంగా అందులోనే ఉంటుంది. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. మన ఫోను తెరను అవతలివాడికి చూపించే యాప్ పెట్టుకోమన్నవాడికి మన ఇంట్లో పని లేదు.

పెట్టుబడి బృందం దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే అది ఒక్క కాల్‌తో తేలే వ్యవహారం కాదు. నెలల తరబడి నడుస్తుంది. మొదట చిన్న మొత్తం పెట్టిస్తారు, లాభంతో సహా వెనక్కి తీసుకోనిస్తారు. నమ్మకం కుదిరేది అక్కడే. తర్వాత తెర మీద పెరిగే అంకెలు వట్టి బొమ్మలు. పెద్ద మొత్తం వెనక్కి అడిగిన రోజున, ముందు పన్ను కట్టాలంటారు, అది కడితే ఇంకో రుసుము అంటారు. మన డబ్బు మనకివ్వడానికి మళ్లీ డబ్బు అడిగారంటే అక్కడితో ఆగిపోవాలి. 'కానీ అతను రోజూ ఎంత ఆప్యాయంగా మాట్లాడేవాడో' అని నాతో కంటతడి పెట్టుకున్నవాళ్లున్నారు. ఆ ఆప్యాయత రాసిచ్చిన పాఠం. చదివి వినిపించేవాడు కూడా బందీ కావచ్చు. మయన్మార్‌లో కనీసం 1,20,000 మందితో, కంబోడియాలో సుమారు లక్షమందితో ఇలాంటి మోసాల్లో బలవంతంగా పనిచేయిస్తున్నారని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది.

ఒకవేళ డబ్బు పోతే, మొదటి కాల్ బ్యాంకుకు. ఆ సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నిమిషాల్లో దాటిపోతుంది, రేపు చూద్దామనుకుంటే చేతికి చిక్కదు. ఆపైన పోలీసు ఫిర్యాదు. సిగ్గుతోనో కోపంతోనో సందేశాలు చెరిపేయకండి, అవే సాక్ష్యం. పాస్‌వర్డులు మార్చేటప్పుడు ఈమెయిల్‌తో మొదలుపెట్టండి, మిగతా ఖాతాల తాళాలు దాని ద్వారానే తెరుచుకుంటాయి. కొన్నాళ్లకు 'మీ డబ్బు తిరిగి రప్పిస్తాం, కొంచెం ఖర్చవుతుంది' అంటూ ఎవరో వస్తారు. ఒకసారి మోసపోయినవాళ్ల వివరాలకు గిరాకీ ఎక్కువ. ఆ కాల్ కూడా పెట్టేయండి.

మీ నాన్నగారికి ఉపన్యాసం ఇవ్వకండి. కొత్తవాళ్లకు డబ్బు పంపే ముందు మీకొక కాల్ చేయమనండి. చేసినప్పుడు, ఎంత పనిలో ఉన్నా విసుక్కోకండి. రోజుకు ఎంత పంపవచ్చన్న పరిమితిని చాలా బ్యాంకుల యాప్‌లలోనే తగ్గించుకోవచ్చు. ఈ వారంలో పక్కన కూర్చుని ఆయన చేతే ఆ మార్పు చేయించండి, మీరు ఫోను లాక్కుని చేయకండి.