చెరువు ఎవరు కట్టించారో కనుక్కో

తల్లీ,

నీ కథ చదివాను. చెరువు ఎండిపోయింది, రెండు కుటుంబాలు కొట్టుకున్నాయి, మూడో పేజీలోనే సుమోలు దిగాయి. మాటలు బాగా రాశావు, అందులో ఢోకా లేదు. చెరువు మాత్రం ఏ ఊరిదైనా కావచ్చు. ఎవరు కట్టించారు? తూము ఎవరి చేతిలో ఉంది? ముందు తడిసేది ఎవరి మడి? తగాదా పుట్టేది అక్కడ గదా!

కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి పో. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. బ్రౌన్ దొర బంగళా ఉండిన చోటది. పండితులకు జీతాలిచ్చి ఆయన తాళపత్రాలకు ప్రతులు రాయించింది ఆ బంగళాలోనే. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవాళ్ళు. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి అక్కడ గ్రంథాలయం నిలబెట్టారు.

గేటు ముందు సెల్ఫీ దిగి వచ్చేయొద్దు. కట్టా నరసింహులుగారు పరిష్కరించిన కడప జిల్లా కైఫీయత్తులు అడుగు. 1800 తర్వాత కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి, కరణాల కవిలెలు, అంటే ఊరి లెక్కల పుస్తకాలు చూసి రాయించుకున్న ఊరి చరిత్రలవి. అడవి కొట్టి ఊరు కట్టిందెవరు, గుడికి మాన్యం ఎంత, ఏ పాళెగాడు దోచాడు, అన్నీ ఒకే గొంతుతో, కంటనీరు పెట్టకుండా చెప్పుకుపోతారు. దేవుడు కలలో కనపడటం, శిస్తు లెక్క పక్కపక్కనే వస్తాయి. మన అవ్వలు కథ చెప్పేదీ అట్లే. వాక్యం ఎక్కడ ఆగుతుందో తెలీక మొదట విసుగొస్తుంది, ఓర్చుకో. ఆ భాషను మాత్రం నీ కథలోకి ఎత్తుకురావద్దు, నాటకం కంపెనీ కిరీటం పెట్టుకుని సంతకు పోయినట్టుంటుంది. ఆ చూపు చాలు.

కేతు విశ్వనాథరెడ్డిగారు డాక్టరేట్ చేసింది కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీద. ఆయన కథల్లో ఊరు వెనక వేలాడే పరదాలా ఉండదు, మనుషులతో పాటు తగాదాలో దిగుతుంది. దానికీ దీనికీ సంబంధం లేదంటే నేను నమ్మను. సొదుం జయరాం కథలూ చదువు.

పొద్దున్నే పో, కడప మధ్యాహ్నం ఎండ నీకు తెలియంది కాదు. మీ ఊరి కైఫీయత్తు దొరికితే నోటుబుక్కులో చేత్తో రాసుకో. ఫోన్లో ఫోటో తీశావంటే ఇక చదవవు.