పాదాలు కడగాలా, తుడవాలా: ఒక యువ రచయితకు

విశాఖపట్నం

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. పదో శతాబ్దంలో బాగ్దాదు పండితుడు ఇబ్న్ ముజాహిద్ ఏడు ఖిరాఅత్‌లను, అంటే ఖురాన్‌ను పఠించే ఏడు ప్రామాణిక పద్ధతులను, ఎంచిన కథ బాగా చెప్పావు. శీర్షికలో ‘ఖురాన్‌లో తేడాలు’ మాత్రం తీసెయ్యి. దాన్ని చూసి వచ్చేది చదివేవాళ్లు కాదు, తగువుకు కాచుకున్నవాళ్లు.

నా అసలు పేచీ ‘పఠనం మారింది కనుక చట్టం మారింది’ అన్న వాక్యంతో. నీ ఉదాహరణే తీసుకో. నమాజుకు ముందు చేసే వజూ (నీళ్లతో శుద్ధి) గురించి చెప్పే 5వ సూరా (అధ్యాయం) 6వ ఆయత్ (వాక్యం)లో నాఫి, కిసాయీ, హఫ్స్ అనే ఖారీలు (పారాయణ నిపుణులు) ‘అర్జులకుం’ (మీ పాదాలు) అని చదివారు. అప్పుడు పాదాలు కడగవలసిన వాటిలో చేరతాయి. ఇబ్న్ కసీర్, అబూ అమ్ర్, హంజా ‘అర్జులికుం’ అన్నారు. అప్పుడవి తలతోపాటు తడిచేత్తో తుడవవలసినవి అవుతాయి. సున్నీలు కడుగుతారు, షియాలు తుడుస్తారు, లెక్క సరిపోయిందనుకున్నావు. సరిపోలేదు. ఇరాన్‌లో పారాయణం చేసేదీ హఫ్స్ పఠనమే, అయినా అక్కడి షియాలు తుడుస్తారు. ‘అర్జులకుం’ అన్నా అది తలకే అన్వయిస్తుందని వాళ్ల వ్యాకరణ వాదన. ఇటు సున్నీ ఫఖీహ్‌లు (ధర్మశాస్త్ర పండితులు) ‘అర్జులికుం’ కూడా ప్రామాణికమేనని ఒప్పుకుంటూనే కడగమన్నారు. పక్క పదం ప్రభావంతో ఆ ‘ఇ’కారం వచ్చిందని కొందరు, తోలు మేజోళ్ల మీద తుడవడానికి అది వర్తిస్తుందని కొందరు వివరించారు. ఇరువైపులా తీర్పు చెప్పింది తాము నమ్మిన హదీసులు (ప్రవక్త మాటలు, చేతల కథనాలు), ఆచరణ. వ్యాకరణం వెనక నిలబడి దన్నిచ్చింది. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు.

పఠనమే నిజంగా చట్టాన్ని మలచిన చోటు కావాలంటే 5:89 (అదే సూరా 89వ ఆయత్) చూడు. ప్రమాణం తప్పినవాడు, పేదలకు అన్నం పెట్టడం వంటివి చేయలేకపోతే, మూడు రోజులు ఉపవాసం ఉండాలి. ప్రవక్త సహచరుడు ఇబ్న్ మసూద్ పఠనంలో ‘వరుసగా’ అన్న మాట అదనంగా ఉంది. అది ఆ ఏడుతో కలిపి తర్వాత పదిగా స్థిరపడ్డ ప్రామాణిక ఖిరాఅత్‌లలో లేదు. అయినా సున్నీ ధర్మశాస్త్ర శాఖల్లో ఒకటైన హనఫీలు దాని ఆధారంగా వరుస ఉపవాసాన్ని తప్పనిసరి చేశారు. మరో శాఖ మాలికీలకు అది మంచిదే గాని తప్పనిసరి కాదు. అంటే మన విశాఖలో హనఫీ పద్ధతిలో ఆ మూడు రోజులూ ఎడతెగకుండా ఉపవాసముండే మనిషి, తన ఇంట్లోని ఖురాన్ ప్రతిలో కనబడని మాటను పాటిస్తున్నాడు! నేనైతే వ్యాసాన్ని అక్కడే మొదలుపెడతాను.

ద్వారకానగర్ గ్రంథాలయంలో చదివింది చాలు. పాతనగరంలో తెలిసిన ఖారీ సాహెబ్ ఎవరైనా ఉంటే ఆ వజూ ఆయత్‌ను రెండు విధాలా చదివించుకుని విను. ఖిరాఅత్ చెవిన పడాల్సిన విద్య. విన్నాక మూడో పేరా తిరగరాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.