ఏవగింపా, ఈసడింపా?

ప్రశ్న: ‘అతని తీరు చూసి నాకు ఈసడింపు కలిగింది’ అని వ్యాసంలో రాస్తే మాస్టారు కొట్టేసి ‘ఏవగింపు’ అని దిద్దారు. రెండూ ఒకటే కదా?

జవాబు: కొట్టేయడం న్యాయమే. ఏవగింపు మనసులో పుట్టేది. పైకి పొక్కనీయకుండా కడుపులో దాచుకోవచ్చు. ఈసడింపు అలా కాదు, అది చేసే పని. మూతి విరవాలి, లేదా ‘చాల్లే, నీ మొహానికి అదొకటా!’ అనాలి. అందుకే ‘నాకు ఏవగింపు కలిగింది’ కుదురుతుంది, ‘ఈసడింపు కలిగింది’ కుదరదు. ‘అతణ్ణి ఈసడించాను’ అనండి. పడ్డవాడి వైపు నుంచి అయితే ‘అందరి ఈసడింపుకూ గురయ్యాడు’ అనవచ్చు.

మురుగుకాలవను ఏవగించుకుంటాం గాని ఈసడించం. ఈసడించడానికి ఒక మనిషో, ఆ మనిషి చేసిన పనో, ఇచ్చిన వస్తువో ఉండాలి. అందులో చులకన కలిసి ఉంటుంది. పెళ్లిలో పెట్టిన చీరను వియ్యాలవారు ఈసడించారంటే అది మాసిపోయిందని కాదు, తమ స్థాయికి తక్కువని.

క్రియలోనూ చూడండి. ‘ఈసడించాడు’, ‘ఈసడించుకున్నాడు’ రెండూ నడుస్తాయి. ‘ఏవగించు’కు మాత్రం ఇప్పటి వాడుకలో ‘కొను’ తగిలించాల్సిందే. ‘ఏవగించాడు’ అంటే పాత పుస్తకంలా ఉంటుంది.

‘రోత’ ఈ రెంటికన్నా ఘాటు. కుళ్లు, చీము, పురుగులు దాని సరుకు. ‘జుగుప్స’ కావ్యశాస్త్రంలో బీభత్సరసానికి స్థాయీభావం, అంటే ఆ రసానికి మూలమైన భావం. విమర్శ వ్యాసంలో బాగుంటుంది, ఇంట్లో మాటల్లో ఎబ్బెట్టు.

ప్రశ్న: మా అమ్మాయి ‘వంకాయంటే అసహ్యం’ అంటుంది. కూరగాయ మీద అంత మాట అనవచ్చా?

జవాబు: తప్పు కాదు గాని, మోతాదు ఎక్కువ. రుచి నచ్చకపోతే ‘ఇష్టం లేదు’ చాలు. తింటే దురదలో, కడుపునొప్పో వస్తే ‘పడదు’. జ్వరంలో నోరు చేదై ముద్ద దిగకపోతే ‘సయించడం లేదు’. ఇది ‘సహించు’ నుంచి వచ్చిందే. మొదట ఇష్టంగా తిని, నాలుగో బొబ్బట్టు దగ్గర ఇక చాలనిపిస్తే ‘వెగటు’, ‘మొహం మొత్తింది’. వెగటు తప్పు వస్తువుది కాదు, అతిగా తినడానిది. పొగడ్తలకూ ఈ మాటే వాడతాం. కుళ్లిన గుడ్డు వాసనకు మాత్రం ‘వెగటు’ బలం చాలదు, అక్కడ ‘అసహ్యం’ అనే అనాలి.