చిప్ కంపెనీల తగాదా, మీ పాప చదువు

పర్లాకిమిడిలో ఎరువుల దుకాణం నడుపుతున్న ఒక తండ్రి రాశారు: "మా పాప ఈసీఈ మూడో సంవత్సరం. చదువవగానే చేరేలా బెంగళూరులో ఆరు నెలల వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) కోర్సుకి అడ్వాన్సు కట్టాను. ఇప్పుడేమో మెమరీ చిప్ కంపెనీల లైసెన్సు కేసులేవో చదివి, పేటెంట్ల వైపు వెళ్తానంటోంది. ఇన్ని కేసులున్న రంగంలో ఉద్యోగం నిలుస్తుందా? పేటెంట్లంటే కోర్టుల చుట్టూ తిరగడమేనా? రెండింటిలో ఏది మంచిదో తేల్చి చెప్పండి."

అయ్యా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఊరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, అంతే. వీఎల్‌ఎస్‌ఐ కంటే ముందు ఇదే చోట డేటా సైన్స్ ఉండేది. మీ బెంగ కేసుల గురించి కాదు. ఇంజనీరింగ్‌కి ఇంత పోశాక పిల్ల ప్లీడరైపోతే పాతపట్నం చుట్టాలకి ఏం చెప్పాలన్నది మీ బెంగ. అవునా, కాదా?

నా టేబుల్ సొరుగులో పాత కంప్యూటర్‌లోంచి తీసిన ర్యామ్, అంటే మెమరీ ముక్క ఒకటుంది. పచ్చ పలక, దాని మీద ఎనిమిది నల్ల చిప్‌లు, అంచున బంగారు రంగు పళ్లు, మధ్యలో చిన్న గాడి. పిల్లలొస్తే చేతికిస్తాను. దాని మీద డీడీఆర్ అని ఉంటుంది. చిప్ లోపలి గడియారం టిక్ అన్నప్పుడూ, టక్ అన్నప్పుడూ డేటా పంపడమే డీడీఆర్. లారీ పోయేటప్పుడూ సరుకే, వచ్చేటప్పుడూ సరుకే అన్నమాట. మీ పాప చదివిన తగాదాలో ఈ టిక్కు టక్కు కూడా ఉంది.

రాంబస్ అని 1990లో పుట్టిన అమెరికా కంపెనీ. మెమరీ చిప్‌ల ఫ్యాక్టరీ లేదు, ఆలోచనలే సరుకు. ఆ ఏప్రిల్‌లో వేసిన ఒక్క దరఖాస్తు నుంచి పిల్లలమర్రి ఊడల్లా పేటెంట్లు దిగాయి. మెమరీ ప్రమాణాలు రాసుకునే జెడెక్ అనే సంఘంలో కొన్నేళ్లు కూర్చుని 1996లో బయటికొచ్చింది. 2000 నుంచి "మీ చిప్‌లలో ఉన్నది మా పద్ధతే, రాయల్టీ కట్టండి" అని కేసులు. "మా పక్కనే కూర్చుని, మేం రాసేది విని, దానికి తగ్గట్టు పేటెంట్లు మలుచుకున్నారు" అని తయారీదారుల గోల. వ్యాపారాల్లో పోటీ సవ్యంగా ఉందా అని చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2006లో రాంబస్‌దే తప్పంది, 2008లో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. చివరికి రాజీలే. 2010లో శాంసంగ్ సుమారు 90 కోట్ల డాలర్లకు, 2013లో హైనిక్స్ 24 కోట్లకు, మైక్రాన్ 28 కోట్లకు ఒప్పుకున్నాయి. (పెట్టెలకొద్దీ కాగితాలు చింపించి కోర్టుల చేత చీవాట్లు తిన్న రాంబస్ మీద నాకు పెద్ద ప్రేమేమీ లేదు.)

ఈ కేసుల వల్ల ఆ ముగ్గురిలో ఎవరూ దుకాణం కట్టేయలేదు. ఆ మైక్రానే ఇప్పుడు గుజరాత్‌లోని సానంద్‌కి వచ్చింది. కాబట్టి ఆ భయం వదిలేయండి.

ఇక పేటెంట్ పని. అందులో ముఖ్యమైనది క్లెయిమ్ చార్ట్. క్లెయిమ్ అంటే "ఇంతవరకూ నాది" అని పేటెంటులో హద్దు గీసే వాక్యం. ఎడమ గడిలో ఆ వాక్యాన్ని ముక్కలు చేసి పెడతారు, కుడి గడిలో ఎదుటివాడి చిప్ డేటాషీటు (చిప్ వివరాల పత్రం) లోంచి దానికి సరిపడే ముక్క. ఒక్క ముక్క కుదరకపోయినా సాధారణంగా కేసు వీగిపోయినట్టే. నల్లకోటు వేసుకున్నంత మాత్రాన అది రాదు. క్లాక్ ఎడ్జ్ అంటే, అదే ఆ టిక్కు టక్కు అంటే ఏమిటో తెలిసిన ఈసీఈ పిల్ల కావాలి. పేటెంట్ ఏజెంటు (పేటెంటు దరఖాస్తులు రాసి, పేటెంట్ ఆఫీసులో నడిపే మనిషి) కావడానికి లా డిగ్రీ కూడా అక్కర్లేదు, ఇంజనీరింగ్ డిగ్రీ ఉండి పేటెంట్ ఏజెంట్ పరీక్ష పాసైతే చాలు. కోర్టులో వాదించాలనుకుంటే మాత్రం లా తప్పదు. ఇంజనీర్లకు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఐఐటీ ఖరగ్‌పూర్‌లోనే ఉంది, మీకు మరీ దూరమేం కాదు. మొదట్లో జీతం చూసి మాత్రం మీ బావమరుదులు పెదవి విరుస్తారు, ముందే చెప్తున్నా.

నా అనుమానమంతా మీరు అడ్వాన్సు కట్టిన కోర్సు మీదే. పరిశ్రమ వస్తోంది, కాదనను. భువనేశ్వర్‌లో సిలికాన్ కార్బైడ్ చిప్‌ల ప్లాంటుకి 2025 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. అయితే పరిశ్రమ రావడం వేరు, ఆరు నెలల కోర్సు చేసినవాడికి అందులో కుర్చీ దొరకడం వేరు. గుణుపురం కుర్రాడొకడు అలాంటి కోర్సే చేసి నా దగ్గరికొచ్చాడు. టూల్‌లో ఏ బటన్ నొక్కాలో గడగడా చెప్పాడు. సెటప్ టైమ్ (గడియారం టిక్ అనడానికి ఎంత ముందు డేటా వచ్చి నిలబడాలో ఆ వ్యవధి) అంటే ఏమిట్రా అంటే నేల చూశాడు. ఇంటర్వ్యూలో అడిగిందీ అదేనట. సంస్థ పోస్టరు మీద ఉద్యోగాలొచ్చినవాళ్ల ఫొటోలుంటాయి, రానివాళ్లవి ఉండవు. మీరు బ్యాచ్‌లో ఎంతమందని అడిగారా? అడిగి ఉండరు. యూరియా బస్తాని తూకం వెయ్యకుండా దించుకోని మనిషి, పిల్ల చదువుకొచ్చేసరికి పోస్టరు చూసి డబ్బు కట్టేశారు! అందులోనూ పాపని అడగకుండా.

ఏది మంచిదో తేల్చమన్నారు. మూడో సంవత్సరంలో ఉన్న పిల్లకి అది తేలదు, తేలనక్కర్లేదు కూడా. రెండు దారులకీ డిజిటల్ ఎలక్ట్రానిక్స్ గట్టిగా రావాలి, ఆ పుస్తకం ఇంట్లోనే ఉంది. తనంతట తానే లైసెన్సు కేసులు వెతుక్కుని చదివే పిల్ల దారి తప్పదు. మా బరంపురంలో వారానికి పదిమంది పిల్లల్ని చూస్తాను, అలా చదివేవాళ్లు ఇద్దరుంటే గొప్ప. మీరు దిగులు పడాల్సిన పిల్ల కాదండీ ఈవిడ.

ఈ దసరా సెలవుల్లో మెమరీ పేటెంటు ఒకటి డౌన్‌లోడ్ చేసుకుని, క్లెయిములు మీకు తెలుగులో విడమరిచి చెప్పమనండి. మూడో క్లెయిముకే విసుక్కుంటే వీఎల్‌ఎస్‌ఐ చూద్దాం. భోజనం చల్లారిపోతున్నా లేవకపోతే నాకు ఫోన్ చేయించండి. ఈలోగా ఆ అడ్వాన్సు రసీదు వెతికి, డబ్బు వెనక్కిస్తారేమో కనుక్కోండి.