దుమ్ము లేస్తే ముందు ప్యాడ్ చూడు

చి. శ్రీనుకి ఆశీస్సులు.

కారుకి మిషన్‌తో పాలిష్ పడుతూ నువ్వు పంపిన ఫోటోలు చూశాను. బానెట్ మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి దుమ్ము, మిషన్‌కి తగిలించే ఫోమ్ ప్యాడ్ మీద అట్టలు కట్టిన పాలిష్. మిషన్ మార్చాలా, పాలిష్ మార్చాలా అని అడిగావు. రెండూ మార్చక్కర్లేదు. ప్యాడ్‌ని సరిగ్గా చూసుకో, చాలు.

పాలిష్ అంటే చిక్కటి ద్రవంలో కలిపిన సన్నటి రాపిడి పొడి. తడి ఉన్నంతసేపే అది పెయింటును సమంగా కోస్తుంది. తడి ఆరిందంటే ఆ పొడే దుమ్మై లేస్తుంది. కోసిన పెయింట్ తుక్కు, వాడేసిన పాలిష్ కలిసి ఫోమ్ రంధ్రాల్లో ఇరుక్కుంటే ముద్దలు కడతాయి. నీ ప్యాడ్ మీద రెండూ జరిగాయి. అంటే పాలిష్ ఎక్కువ పోశావు, ప్యాడ్‌ని మధ్యలో ఒక్కసారి కూడా శుభ్రం చేయలేదు.

బాటిల్ దగ్గర మొదలుపెడదాం. మూత తీసే ముందు ఒక నిమిషం బాగా ఊపు. రాపిడి పొడి అడుక్కి దిగిపోతుంది కాబట్టి, ఊపకపోతే మొదట్లో పలచటి నీళ్లు, చివర్లో గట్టి పేస్టు వస్తాయి. అడుగున మిగిలిన ఆ పేస్టుతో ఏం చేసినా దుమ్మే.

అయిదంగుళాల కొత్త ప్యాడ్‌కి మొదటిసారి అయిదారు చుక్కలు వేసి, ఫోమ్ ముఖమంతా వేలితో పలచగా రాయి. ఎక్కడా పొడి ఫోమ్ మిగలకూడదు. పొడిగా ఉన్నచోటే ప్యాడ్ వేడెక్కి, పక్కనున్న పాలిష్‌ని కూడా ఎండబెడుతుంది. ఆ తర్వాత ఒక్కో భాగానికి బఠాణీ గింజంత చుక్కలు మూడో నాలుగో. అంతకు మించి వద్దు. ఎక్కువ పోస్తే ఎక్కువ మెరుస్తుందనుకోవడం దగ్గరే అందరూ దెబ్బతింటారు. ప్యాడ్ జారుతూ తిరుగుతుంది, కోత తగ్గుతుంది, మిగిలింది అంచుల్లో చేరి గట్టిపడుతుంది.

ఒకసారికి అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు భాగం మాత్రమే తీసుకో. బానెట్ సగం ఒకేసారి చేద్దామనుకుంటే, ఈ చివరకి వచ్చేసరికి ఆ చివర ఎండిపోతుంది. ప్యాడ్‌ని పెయింట్ మీద ఆనించాకే స్విచ్ వేయి, ఆపాకే ఎత్తు. గాల్లో ఆన్ చేస్తే గోడ నిండా చుక్కలే. ముందు ఒకటో స్పీడులో నాలుగు మూలలకీ పూయి. తర్వాత డయల్ నాలుగు, అయిదు మధ్య పెట్టి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ప్రతి వరుసా ముందు వరుసలో సగం మీదుగా పోయేలా నడుపు. ఇలా నాలుగు నుంచి ఆరు సార్లు. అడుగు దూరానికి 8 నుంచి 10 సెకన్లు పట్టనివ్వు. ఇల్లు తుడిచినట్టు చకచకా తిప్పితే పని జరగదు.

ప్యాడ్ అంటించే బ్యాకింగ్ ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక గీత పెట్టు. పని చేస్తున్నప్పుడు ఆ గీత తిరుగుతూ కనపడాలి. ఆగిపోయిందంటే నువ్వు మరీ నొక్కుతున్నావనో, ప్యాడ్ ఒక పక్కకి వంగిందనో అర్థం. నీ చేతిలో ఉన్నది డ్యూయల్ యాక్షన్ మిషన్, అంటే ప్యాడ్ తిరుగుతూనే వణుకుతుంది. తిరుగుడు ఆగితే వణుకు మాత్రమే మిగులుతుంది. అప్పుడు పాలిష్ కోయదు, ఒకేచోట నలిగి ముద్దవుతుంది. డోరు మలుపుల దగ్గర, హ్యాండిల్ పక్కన ఇది తప్పకుండా జరుగుతుంది. అక్కడ బరువు తగ్గించు.

ఇక ఎప్పుడు ఆపాలన్నది. మొదట పాలిష్ తెల్లగా కనపడుతుంది. పని అవుతున్నకొద్దీ పలచబడి, నూనె రాసినట్టు పారదర్శకమైన పొర మిగులుతుంది. అక్కడ ఆపేయి. ఇంకో రెండు చుట్లు వేద్దామన్న ఆశతోనే దుమ్ము లేస్తుంది. పెయింట్ మీది గీతలు ఇంకా మిగిలితే తుడిచేసి, కొత్త చుక్కలతో మళ్లీ మొదలుపెట్టు. ఎండిన దాని మీద రుద్దకు.

వేడి సంగతి. పెనం మరీ కాలితే దోసెపిండి పరుచుకోదు, గరిటెకి చుట్టుకుంటుంది. బానెట్ కూడా అంతే. నీ కారు నల్లది, పైగా హైదరాబాద్ ఎండాకాలం. అరచేయి ఆనిస్తే చల్లగా తగలాలి, వెచ్చగా ఉంటే ఆ రోజుకి మానెయ్. నీడలో, తెల్లవారగానే మొదలుపెట్టు. బండి అప్పుడే నడిపి తెస్తే ఇంజిన్ వేడి పూర్తిగా దిగేదాకా ఆగు. నీకు చెమట పట్టినా సరే, ఫ్యాను గాలి బండి మీదికి తగలనివ్వకు. అది పాలిష్‌ని నిమిషంలో ఆరబెడుతుంది.

ఇప్పుడు అసలు పని. ప్రతి భాగం అయ్యాక, అవును, ప్రతి భాగం అయ్యాక, మెత్తటి నైలాన్ బ్రష్‌ని ప్యాడ్‌కి ఆనించి నెమ్మది స్పీడులో అయిదు సెకన్లు తిప్పు. తెల్లటి తుక్కు రాలిపోతుంది. తర్వాత వేలితో తడిమి చూడు. ఫోమ్ స్పాంజిలా మెత్తగా ఉంటే సరే, రేకులా గట్టిగా తగిలితే ప్యాడ్ మార్చు. బండి మొత్తానికి అయిదారు ప్యాడ్లు పెట్టుకో, రెండు ప్యానెళ్లకొకటి. ఉలెన్, మైక్రోఫైబర్ ప్యాడ్ల జోలికి ఇప్పుడే పోకు. అవి బాగా కోస్తాయి గానీ దుమ్మూ ఎక్కువే లేపుతాయి.

ప్యాడ్ మీద నీళ్లు చిలకరించమని కొందరు చెబుతారు. కొన్ని పాలిష్‌లకి ఒక్క తుంపర పనికొస్తుంది, కొన్నిటిని పాడుచేస్తుంది. బాటిల్ మీద రాసి ఉంటేనే చెయ్.

ప్యాడ్‌కి కారు రంగు అంటుకుందేమో కూడా గమనించు. రంగు పైన క్లియర్ కోట్, అంటే రంగు లేని పారదర్శక పొర, ఉన్న బండిలో తుక్కు తెల్లగానే రావాలి. నల్లగా వచ్చిందంటే ఆ ప్యానెల్‌కి క్లియర్ లేని పెయింట్ వేసి ఉండాలి, లేదా క్లియర్ అరిగిపోయి ఉండాలి. వెంటనే ఆపు. కంపెనీ క్లియర్ కోట్ మామూలుగా 40, 50 మైక్రాన్లే, తలవెంట్రుక అంత కూడా ఉండదు. ఈమధ్యే రీపెయింట్ చేయించిన బంపర్ ఉందన్నావు. పెయింట్ పూర్తిగా గట్టిపడకముందు మెత్తగా ఉండి ప్యాడ్‌ని ఇట్టే నింపేస్తుంది. షెడ్డువాళ్లు చెప్పిన గడువు దాటేవరకు దాన్ని వదిలెయ్.

ముందు పనులు నీకు తెలిసినవే. బోరు నీళ్లతో కడిగితే ఆరకముందే తుడువు, లేకపోతే మరకలు పడతాయి. పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మట్టిముద్ద లాంటి క్లే బార్ తప్పనిసరి, లేకపోతే అంటుకున్న ఇనప రజను ప్యాడ్‌లో చేరి గీతలు పెడుతుంది. నల్ల ప్లాస్టిక్, రబ్బర్ల మీద మాస్కింగ్ టేపు వేయి, వాటి సందుల్లో ఎండిన పాలిష్ ఒక పట్టాన వదలదు. ముక్కుకి మాస్కు కూడా.

పెయింట్ మీద ఇప్పటికే అంటుకున్న ముద్దల్ని గోటితో గీకకు. ప్యాడ్ మీద రెండు చుక్కలు వేసి వాటిపైన అయిదారు సెకన్లు నడిపితే కరిగిపోతాయి, వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తుడువు. తర్వాత నాలుగు పాళ్ల డిస్టిల్డ్ వాటర్‌కి ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి తుడిస్తే నూనె పోయి, గీతలు నిజంగా పోయాయో లేదో కనపడుతుంది.

ఆ గట్టిపడ్డ ప్యాడ్ పారేయకు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా వేసి పిసుకు, మెలిపెట్టకు. ఫోమ్ ముఖం కిందికి పెట్టి నీడలో ఆరనివ్వు. తడి పూర్తిగా పోయాకే వాడు, లేకపోతే పాలిష్ పలచనై చిమ్ముతుంది.

ఆదివారం మళ్లీ మొదలుపెడతానన్నావుగా. డిక్కీ మీద అడుగున్నర చేసి ఆగు. అప్పుడు బ్రష్ పెట్టకముందు ఒకటి, పెట్టాక ఒకటి, ప్యాడ్ ఫోటోలు తీసి పంపు. కారు ఫోటో తర్వాత చూస్తాను.

ఇట్లు
పెదనాన్న