బెండు మునుగుతది, గాలం ఖాళీగ వస్తది: ఎందుకు?

తమ్మీ, నువ్వు అడిగినవి మూడు సంగతులు. రెండు నెలల సంది ఊరి చెరువు కట్ట మీద గాలం వేస్తున్నవ్, దారానికి కట్టిన తేలే బెండు ఆడుతది, గుంజితే ఎర పోయిన ఖాళీ గాలమే వస్తది. పక్కన కూసున్న పెద్దమనిషికి అవే ఎర్రలతోటి (వానపాములతోటి), పాత బొంగు కర్రతోటి పరిగెలు, జిలేబీలు అనే చేపలు వరుసగ పడుతున్నయి. మూడు వేలు పెట్టి దారం చుట్టే చక్రం ఉన్న రాడ్డు కొంటే నీకు గూడ పడుతయా అన్నది ఆఖరి ప్రశ్న.

ఎర పోతున్నదంటే చేపలు ఉన్నయి, తింటున్నయి. చోటు తప్పు కాదు, ఎర రకం తప్పు కాదు. తేడా అంత బెండుకూ గాలానికీ నడుమ ఉన్న నాలుగు అడుగుల దారంలనే ఉన్నది. కొత్తగ పట్టినోళ్ళు ముందు ఎర మారుస్తరు, తర్వాత చోటు మారుస్తరు, బెండును మాత్రం ముట్టుకోరు. ముందు దాన్నే సరిచేయాలె.

పరిగె గాని జిలేబి గాని ఎరను కుక్క లెక్క కరిచి పట్టదు. నీళ్ళతో పాటు నోట్లకు పీల్చుకుంటది, తేడాగ ఏమన్న తగిలితే అంతే తొందరగ ఉమ్మేస్తది. బొటనవేలంత లావు బెండు కట్టి దాని కింద ఒక్క చిన్న సీసం గుండు పెడితే, బెండు సగానికి మించి నీళ్ళ పైన తేలుతది. చేప ఎరను తీసుకొని కదిలితే ఆ తేలే బలం మొత్తం దాని నోటికి ఎదురు గుంజుతది. ఉమ్మేసి పోతది. నువ్వు చూసే ఆట చేప ఉమ్మేసిన తర్వాతి ఆట. అందుకే గాలం ఖాళీ.

ఇది ఇంటికాడనే సరిచేసుకోవచ్చు. బక్కెట్ల నిండ నీళ్ళు పట్టు. పెన్సిలంత సన్నం, నాలుగు వేళ్ళంత పొడుగు బెండు దారానికి కట్టి, గాలం గూడ కట్టి నీళ్ళల్ల వదులు. ఒక్కొక్క సీసం ముక్క దారానికి నొక్కుకుంట పో. బెండు నిలబడాలె, ఇంకా మునగాలె, ఆఖరుకు కొస మాత్రమే, గోరంత, పైన కనిపించాలె. అక్కడ ఆపు. ఇంకొక్క ఆవగింజంత సీసం పెడితే మునుగుతది అన్నట్టు ఉండాలె. చెరువు కాడ గాలికి అలలుంటే ఒక చిన్న ముక్క తీసేయొచ్చు, అంతకంటే వద్దు. సీసాన్ని పండ్లతోటి నొక్కకు, అది విషం. పట్టకారు వాడు, అన్నం తినే ముందు చేతులు సబ్బుతోటి కడుక్కో.

ఆ సీసం అంత ఒక్కకాడ పెట్టొద్దు. ఎక్కువ బరువు గాలానికి జానెడు పైన ఉండాలె, ఒక్క చిన్న ముక్క మాత్రం గాలానికి నాలుగు వేళ్ళ పైన. ఆ చిన్న ముక్కే నీకు సంగతి చెప్పేది. చేప ఎరను ఎత్తితే ఆ ముక్క బరువు బెండు మీద లేకుంట పోయి, బెండు కొంచెం పైకి లేస్తది, ఒక్కోసారి పక్కకు ఒరుగుతది. కొత్తోళ్ళు మునిగేదాక చూస్తనే ఉంటరు. బెండు లేచినప్పుడే గుంజాలె, ఎర చేప నోట్లనే ఉన్నదని దాని అర్థం. చెరువు అడుగు నేల మీద మేసే బంగారు తీగ, ఎర్రమోసు అనే చేపలు ఎక్కువ ఇట్లనే చూపిస్తయి.

బెండు కొనాల్సిన పని లేదు. ఎండిన జొన్న సొప్ప దంటు మీది చెక్కు తీస్తే లోపల తెల్లటి, తేలికైన బెండు వస్తది. నడిమిట్ల సూదితో రంధ్రం పెట్టొచ్చు. ఒక్కటే లోపం, గంటసేపట్ల నీళ్ళు తాగి బరువెక్కుతది, పొద్దున సరిగ్గ ఉన్నది తొమ్మిదింటికి మునిగే ఉంటది. కొవ్వొత్తి మైనం కరిగించి ముంచి తీయి, లేదంటే గోర్ల రంగు రెండు పూతలు వెయ్. కొసకు ఎర్ర రంగు పూస్తే ఎండల మెరుపుకు కండ్లు తిప్పలు పడవు.

ఇగ లోతు. ఎర నేలకు తగులుతున్నదా, నడుమ వేలాడుతున్నదా నీకు తెల్వకుంట ఎన్ని గంటలు కూసున్నా లాభం లేదు. ఒక ఇనుప నట్టు గాలానికి తగిలించి నువ్వు ఎర వేసే చోటనే వదులు. బెండు పూర్తిగ మునిగిపోతే లోతు ఎక్కువున్నది, బెండును పైకి జరుపు. పడుకుంటే లోతు తక్కువున్నది, కిందికి జరుపు. కొస మాత్రమే కనిపించేకాడ లోతు సరిపోయినట్టు. జిలేబికి ఎర నేలకు రెండు వేళ్ళ పైన ఉంచు, బంగారు తీగకు రెండు వేళ్ళంత దారం నేల మీద పడుకోనియ్యి. పరిగెలు ఎండెక్కినంక పైకి వస్తయి, అప్పుడు సగం లోతుకు తగ్గించు.

ఒకే చోట గూడ మూడు దిక్కుల కొలువు. మన తెలంగాణల చానా చెరువులల్ల సర్కారు చెరువుల పథకం మిషన్ కాకతీయల, అంటే 2015 నుంచి, పూడిక తీసిండ్రు. జేసీబీ తీసినకాడ గుంతలు మిగిలినయి, నడుము లోతు నీళ్ళు ఒక్క అడుగు దాటంగనే నిలువు లోతైతయి. చేపకు ఆ గుంత అంచు మంచి చోటు. మనిషికి ప్రాణం మీదికొచ్చే చోటు. గాలం రాయికి తట్టుకుంటే దారం తెంపుకో, నీళ్ళల్లకు దిగకు. ఈత వచ్చినోళ్ళు గూడ బురద గుంతల్ల కాళ్ళు ఇరుక్కొని పోతుంటరు.

గాలం సైజు, ఎర సైజు కలవాలె. నంబరు పెరిగిన కొద్దీ గాలం చిన్నగైతది. పరిగెకు 14, జిలేబికి 10, కిలో దాటిన రవ్వ చేప, బంగారు తీగకు 6. పరిగె నోరు జొన్న గింజంత, దానికి పిండి గూడ జొన్న గింజంతనే పెట్టాలె. జిలేబికి బఠాణీ గింజంత. నీ లెక్క ఎర్రను మొత్తం గుచ్చి రెండు దిక్కుల వేలాడదీస్తే పరిగెలు ఆ కొసలు పట్టుకొని గుంజుతయి, బెండు గంతులేస్తది, గాలం నోట్లకే పోదు. ఎర్రను మూడు ముక్కలు చేసి, ఒక ముక్కను గాలం వంపు మీదికెళ్ళి ఎక్కించు, మొన కొంచెం బయట కనిపించనియ్యి. మొన పూర్తిగ కప్పితే గుంజినప్పుడు అది చేప పెదవికి తాకదు, ఎరకే గుచ్చుకుంటది.

ఎర్రలు బర్ల కొట్టం పక్కన తడి మన్నుల, పెంటకుప్ప అంచుల దొరుకుతయి. డబ్బాకు చిన్న రంధ్రాలు చేసి తడి మన్నుల, నీడకు పెట్టు. ఎండల పెడితే అరగంటల మెత్తబడి గాలం మీద నిలవవు.

పిండి ఎరకు కప్పు గోధుమపిండి, నీళ్ళు కొద్దికొద్దిగ పోసుకుంట రొట్టె పిండి కంటే గట్టిగ కలుపు. ఉండ చేసి మరిగే నీళ్ళల్ల ఐదు నిమిషాలు ఉడికించి, చల్లారినంక మళ్ళ పిసుకు. రబ్బరు లెక్క సాగుతది, గాలం మీద నిలుస్తది. ఇంకా జారిపోతుంటే కొన్ని దూది పోగులు కలుపు. మరీ గట్టిగ చేసినా తప్పే, గాలం మొన అందులనే ఇరుక్కుంటది.

చేపలను ఒక్కచోటికి రప్పించేదానికి తవుడు రెండు పాళ్ళు, పల్లి చెక్క (నూనె తీసినంక మిగిలే పిప్పి) ఒక పాలు. చెక్కను రాత్రి నానబెట్టు, పొద్దున తవుడు కలుపు. పాలమూరు దిక్కు పల్లి పండే ఊర్లల్ల గానుగ కాడ చెక్క సులువుగ దొరుకుతది. పిడికిలి పడితే ఉండ నిలవాలె, బొటనవేలుతోటి నొక్కితే విరిగి పొడి కావాలె. నీళ్ళు ఎక్కువైతే గడ్డ లెక్క నేలకు అంటుకుంటది, తక్కువైతే పైననే విడిపోయి పరిగెలను మాత్రమే పిలుస్తది. మొదట నిమ్మకాయంతవి నాలుగు ఉండలు బెండు పక్కనే వెయ్. తర్వాత పది పదిహేను నిమిషాలకు ఒక రేగుపండంత. సంచి మొత్తం ఒక్కసారి గుమ్మరిస్తే చేప వస్తది, కడుపు నింపుకుంటది, నీ ఎర దిక్కు చూడదు. ఎండాకాలం అది నీళ్ళల్లనే పులిసి కంపు పడ్తది గూడ. ముఖ్యమైన మాట, ఉండలు పడ్డకాడనే బెండు గూడ పడాలె. ఇది ఇంటి ముందర నేర్చుకో. పది పన్నెండు అడుగుల దూరంల ఒక చాట పెట్టి, గాలం లేకుంట సీసం మాత్రం దారానికి ఉంచి, కర్రను కిందికెళ్ళి ఊపి సీసం చాటల పడేటట్టు వెయ్. పదిట్ల ఎనిమిది పడేదాక చెయ్యి. దారం కర్రంత పొడుగు, లేదా ఒక అడుగు తక్కువ ఉంటేనే చేతికి వస్తది.

గుంజుడు గూడ చాలామందికి తప్పుతది. భుజం మీదికెళ్ళి చెట్టు కొమ్మ విరిచినట్టు గుంజితే పరిగె పెదవి చిరుగుతది, లేదంటే గాలం ఎగిరొచ్చి వెనక ఉన్నోళ్ళ మీద పడ్తది. మణికట్టుతోటి కర్ర కొసను జానెడు ఎత్తితే చాలు. కానీ కర్ర కొసకూ బెండుకూ నడుమ దారం గాలికి విల్లు లెక్క వంగి ఉంటే, ఆ జానెడు దారం సాఫు చేసేదానికే సరిపోతది, గాలం కదలదు. అందుకే కర్ర కొసను నీళ్ళకు దగ్గరగ పట్టు, వదులుగ ఉన్న దారం ఎప్పటికప్పుడు తీసుకో. జూన్, జూలైల పడమటి గాలి గట్టిగ కొడుతది. గాలి కొట్టే తూర్పు ఒడ్డుకు మేత కొట్టుకొచ్చి చేపలు చేరుతయి, కాని అక్కడ దారం నిలపడం కష్టం. చేయి తిరిగేదాక గాలి చాటు మూలల నేర్చుకో.

తంగూసు, అంటే సన్న నైలాన్ దారం, 0.18 నుంచి 0.20 మి.మీ. మందం ఉన్నది పరిగె, జిలేబీలకు సరిపోతది. ఎండకు నైలాన్ పెళుసైతది, గోటితోటి గీకితే గరుకుగ తగిలితే మార్చు. ముడికి, గాలం కంట్ల (దారం దూరే రంధ్రంల) దూర్చిన దారాన్ని దాని మీదనే ఆరు చుట్లు తిప్పి, కంటి పక్కన మిగిలిన చిన్న ఉచ్చులకెళ్ళి తిరిగి తీయి. బిగించే ముందు ఉమ్మితోటి తడుపు. పొడిగ బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడనే బలం పోతది. ఇంటి గుమ్మం మొలకు గాలం తగిలించి గుంజి చూసుకో. చెరువు కాడ గాలం పోతే మిగిలిన దారం కొసను చూడు. పంది తోక లెక్క సుడి తిరిగి ఉంటే ముడి జారింది, చుట్లు తక్కువేసినవ్. గరుకుగ చిరిగి ఉంటే రాయికి రాసుకున్నది.

పొద్దు పొడవకముందే వెళ్ళాలని అందరు చెప్తరు. నీళ్ళు ఆకుపచ్చగ ఉన్న చెరువులల్ల అది తప్పు. రాత్రంతా నాచు గాలిని వాడుకుంటది, తెల్లారేసరికి నీళ్ళల్ల ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువుంటది. చేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తుంటే అవి మేతకు రాలేదు, ఊపిరికి వచ్చినయి. ఎండ పడి గంటైనంక గాలం వెయ్. తెల్లటి, కదిలే నీళ్ళకు ఈ ఇబ్బంది లేదు. చలికాలం జిలేబీలు మందగిస్తయి, పది గంటల తర్వాత చూడు.

పడ్డ చేపను తడి చేతితోటి పట్టు. జిలేబి వీపు ముండ్లను తలకాడి నుంచి తోక దిక్కు నిమురుకుంట పట్టాలె. జెల్ల పడితే జాగ్రత్త, వీపుకు ఒకటి, పక్కలకు రెండు ముండ్లుంటయి. గుచ్చుకుంటే ఓర్చుకునేంత వేడి నీళ్ళల్ల అరగంట ముంచితే నొప్పి తగ్గుతది. గాలం మొన వెనకటి ఎదురు ముల్లును పట్టకారుతోటి నొక్కేస్తే చేపకూ నీ వేలికీ మంచిది, దారం బిగువుగ ఉంచితే చేప జారదు.

వెళ్ళే ముందు ఆ చెరువు మత్స్య సహకార సంఘం వాళ్ళను అడుగు. 2016 నుంచి చెరువులల్ల సర్కారు చేపపిల్లలు పోయిస్తున్నది, పెంచి పట్టుకునే హక్కు సంఘానిది, అది ఎన్నో ఇండ్ల బువ్వ. పరిగెలు, జిలేబీలకు చాలాచోట్ల కాదనరు, బొచ్చె, రవ్వ పడితే వాళ్ళు చెప్పినట్టు చెయ్. తొలి వానలకు వాగు ఎదురెక్కే గుడ్ల చేపలను, ఎర్రటి పిల్లల గుంపు కింద కాపలా తిరిగే కొర్రమట్టను ముట్టకు. కట్ట మీద మోటార్ల కరెంటు వైర్లు కిందికి వేలాడుతుంటే అక్కడ కర్ర లేపకు. తెగిన తంగూసు ముక్కలు జేబుల వేసుకొని రా, కొంగల కాళ్ళకు చుట్టుకుంటయి.

నెల రోజులు ఒకే చోట, ఒకే బెండుతోటి కూసో. ఒక నోటుబుక్కుల లోతు, టైము, గాలి దిక్కు, బెండు ఎన్నిసార్లు ఆడింది, ఎన్ని పడ్డయి రాసుకో. ఇరవైసార్లు ఆడితే నాలుగు పడితే సీసం, ఎర సైజు మళ్ళ చూసుకో. పది దాటితే చేయి కుదిరినట్టు.

చక్రం రాడ్డు ఇప్పుడు కొనకు. పది పన్నెండు అడుగుల ఎండిన బొంగు చాలు, కొస వంగితే విరగకుంట తిరిగి నిలవాలె, అంతే. బొంగుతోటి అందని దూరంల, శిఖం (చెరువు లోపలి నేల) దిక్కు నీళ్ళల్ల బంగారు తీగ బుడగలు లేపుతున్నట్టు నీకే కనపడ్డప్పుడు కొను. అప్పుడు ఎనిమిది తొమ్మిది అడుగుల మెత్తటి రాడ్డు, 0.25 మి.మీ. దారం నిండిన చిన్న చక్రం. చక్రం బిగువును కిలో బరువుకు జారేటట్టు పెట్టుకో, రాడ్డు కొసకెళ్ళి దారాన్ని నిండ ఉన్న లీటరు నీళ్ళ సీసాకు కట్టి ఎత్తి సరిచూసుకోవచ్చు.